రంపం గార్డు ఎవరు విప్పారు?

సేటు ముందు నోరు తెరిచేదాకా మహేందర్ తన మనిషేనని లాజరు నమ్మాడు.

బోధన్ రోడ్డులోని ఆ ఫర్నిచర్ కార్ఖానాలో రంపం మిషన్‌కు లాజరే పెద్ద. పద్దెనిమిదేళ్లుగా తిరిగే బ్లేడు పక్కనే బతుకుతున్నా పది వేళ్లూ పదిలంగా ఉన్నాయి. అవి ఊరికే మిగల్లేదు. ప్లగ్గు పీకందే బ్లేడు మీద చెయ్యి వేసేవాడు కాదు. పళ్లకు పట్టిన బంక గీకేవాడు. బోల్టులు బిగించేవాడు. చెక్కను ఆనించే పట్టీ బ్లేడుకు సరిగ్గా ఉందో లేదో ముందూ వెనకా కొలిచేవాడు. చివరికి వేళ్లు తగలకుండా బ్లేడును కప్పే గార్డు దించేవాడు.

ఇవన్నీ మహేందర్‌కు నేర్పింది లాజరే. వాడు ధర్పల్లి నుంచి వచ్చిన కొత్తలో ఆరు నెలలు తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. లాజరు భార్య లిడియా మొగుడితో పాటు వాడికీ టిఫిన్ డబ్బా కట్టేది. వాడి పెళ్లి మాటలకు పెద్దమనిషిగా వెళ్లింది కూడా లాజరే.

మంగళవారం లాజరు చాయ్‌కి వెళ్లినప్పుడు తోటి పనివాడు ముత్యం చెక్క కోయబోయాడు. ఎడమ చేతి వేళ్లు మూడు తెగిపోయాయి. ఆ సమయంలో బ్లేడు మీద గార్డు లేదు.

గురువారం సేటు అందరినీ నిలబెట్టాడు.

"గార్డు ఎవరు ఇప్పిండ్రు? ముత్యమే ఇప్పుకున్నడా? ఏమంటవ్ లాజరూ?"

"మిషన్ మీద ఉన్నది ఆయననే గద సేట్," అన్నాడు లాజరు.

మహేందర్ ఒక అడుగు ముందుకు వేశాడు. లాజరు వైపు చూడలేదు.

"ముత్యమన్న కాదు సేట్. లాజరన్న ఇప్పిండు."

లాజరు వాడి వైపు తిరిగాడు. "ఏం మాట్లాడుతున్నవ్ రా?"

"ఉన్నదే చెప్తున్న అన్న."

సేటు లాజరు ముఖంలోకి చూశాడు. "రేపటి సంది నువ్వు రాకు. మహేందర్, మిషన్ నువ్వు సూస్కో."

మిషన్ కోసమా ఇదంతా? అనుకున్నాడు లాజరు. పద్దెనిమిదేళ్లు పని చేసిన చోటు నుంచి ఖాళీ డబ్బా పట్టుకుని బయటికి వచ్చాడు. బండి స్టార్ట్ చేస్తుంటే మహేందర్ ఉరికొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"మాఫ్ చెయ్యి అన్న. పొద్దుగాల దవాఖానకు పోయి ముత్యమన్నను సూసొచ్చిన. ఇగ నాతోని కాలే."

"సొంత తమ్ముని లెక్క సూసుకున్న నిన్ను. అందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్ గదరా!"

లాజరు వాడి చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయాడు. ఇంటి దారిలో ఎడపల్లి దాకా కళ్లు తుడుచుకుంటూనే బండి నడిపాడు. పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు.

మంగళవారం పొద్దున, అడ్డమొస్తోందని తాను గార్డు విప్పుతుంటే చూసిందీ వాడొక్కడే, ఎవరికీ చెప్పనని ఒట్టేసిందీ వాడే.