బటన్ పలకని గంట

"ఎంత నొక్కినా ఈ బటన్ పలకట్లేదే. ఇంకో గంటలో ఇంటర్వ్యూలో చూపించాలి, కాస్త చూసిపెట్టవే," అన్నాడు అన్నయ్య.

చూడగానే తెలిసింది. బటన్‌ను పనిచేయించే జావాస్క్రిప్ట్ కోడ్‌ను తన వెబ్‌పేజీలో బటన్ కంటే పైన పెట్టాడు. బటన్ ఇంకా పుట్టకముందే కోడ్ దాన్ని వెతికి, దొరక్క ఆగిపోతోంది.

నేర్చుకునే రోజుల్లో నేనూ ఇలాంటి తప్పులే చేసేదాన్ని. "నీ బుర్రకెక్కదులే, జరుగు" అని అన్నయ్య మౌస్ లాక్కుని తనే సరిచేసేవాడు. కారణం మాత్రం ఏనాడూ చెప్పలేదు. తను ఆ పని వదిలేసి ఏళ్ళయింది, ఇప్పుడు అదే పని నాకు ఉద్యోగం.

"జరుగు," అన్నాను.

కోడ్‌ను పేజీ అడుగుకు మార్చాను. బటన్ పలికింది.

"అమ్మయ్య! ఇంతకీ నా తప్పేంటే? వాళ్ళడిగితే చెప్పాలిగా."

"పనైందిగా. ఆరాలెందుకు?"

అన్నయ్య ముఖం చిన్నబోయింది. నాలో ఏదో తీపి పాకింది. ఆ తీపికి నేనే ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్ళూ తనకు చెప్పడం చేతకాదనుకున్నాను. కాదు, తను ఈ రుచి మరిగాడు.

"ఒక్కసారి చెప్పవే తల్లీ."

కోడ్‌ను మళ్ళీ పైకే చేర్చాను. బటన్ మూగబోయింది.

"అయ్యో, ఇదేం కక్షే!"

"కక్షే. తెర కింద ఎర్రక్షరాల్లో తప్పేంటో రాసుంది. చదువు. నాకు ఆ పాటి అవకాశం కూడా నువ్వివ్వలేదు."