తొమ్మిదో నంబరు తెలుగు

"మొహమాటానికి సంతకం పెట్టే మనిషిని కాదు నేను. ముందే చెబుతున్నాను" అన్నారు బ్రహ్మచారి, చెప్పులు విప్పకుండానే.

రాజమ్మ తలుపు పూర్తిగా తీసింది.

"పెట్టకుండ్రి సార్. ముందుగల్ల లోపలికి రాండ్రి. కొడుకు, అల్లుడు ఇద్దరు ఇంట్లనే ఉన్నరు. నేను పాలు తెస్త" అని గిన్నె పట్టుకుని వీధిలోకి వెళ్లింది.

సూరత్ శివారు ఉన్‌లో ఆ ఇంటి గోడకు అవతలే పవర్‌లూమ్ షెడ్డు. మగ్గాల చప్పుడుకు నేల సన్నగా అదురుతోంది. లోపల ఉన్న ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఒకతను నీలం జెర్సీలో ఉన్నాడు. వీపు మీద 'నువన్' అని పేరు, కింద తొమ్మిది. రెండో అతను లుంగీ పైకి కట్టి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు, ఒకే చామనఛాయ. ఎవరు ఎవరో అడగాల్సిన అవసరం బ్రహ్మచారికి కనిపించలేదు. కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచారు.

నువన్ పెరెరా, శ్రీలంక. పద్దెనిమిదో ఏట భారత్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడటానికి వచ్చాడు. మూడు సీజన్లలో నలభై గోల్స్ కొట్టాడు. మోకాలు దెబ్బతినగానే క్లబ్బు వదిలేసింది. సూరత్‌లో ఒక బట్టల మిల్లు పనిచ్చి తన జట్టులో చేర్చుకుంటే వచ్చి ఈ ఇంట్లో అద్దెకు దిగాడు. ఇంటివాళ్ల అమ్మాయి హారతిని పెళ్లి చేసుకున్నాడు. మళ్లీ పెద్ద క్లబ్బుకు ఎక్కాడు. ఇప్పుడు భారత జట్టు శిబిరానికి పిలుపు వచ్చింది. కానీ పుట్టిన దేశాన్ని వదులుకుని ఇక్కడి పౌరుడైతేనే ఆ జెర్సీ. అందుకు ఒక భారతీయ భాష వచ్చునని ఇద్దరు రాసివ్వాలి. అతను తెలుగు అని రాశాడు. ఒక సంతకం దొరికింది. రెండోది బ్రహ్మచారి పెట్టాలి. కాగితాలు ఇవ్వడానికి రేపే ఆఖరు. వయసు ముప్పై. ఈసారి తప్పితే మళ్లీ పిలిచేవాళ్లు లేరు.

బ్రహ్మచారి ముప్పై నాలుగేళ్లు సూరత్‌లోని తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. జెర్సీ వైపు వేలు చూపించారు. పేరూ ఊరూ కాగితంలో ఉన్నాయి గనక అవి అడగనన్నారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పమన్నారు.

"నేనా?" అన్నాడతను.

"నువ్వే."

"సవారే మమ్మీ ఉఠ్తది. చా బనాయిస్తది. ఫిర్ అందరం కామ్‌కి జాతం."

బ్రహ్మచారి కళ్లు మూసుకున్నారు. లుంగీ కట్టుకున్నతను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపారు.

"అందించకు. నిన్ను అడిగినప్పుడు చెబుదువుగాని."

పోనీ, పక్కన ఆడుతున్న మగ్గం మీద బట్ట ఎలా తయారవుతుందో చెప్పమని అడిగారు.

"తానా ఇట్ల. బానా ఇట్ల. మషీన్ చాలూ చేస్తె కపడా వస్తది."

"ఇందులో తెలుగు ఎక్కడుందయ్యా?"

జెర్సీలో ఉన్నతను చెమట తుడుచుకున్నాడు. బ్రహ్మచారి పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. తెలుగువాళ్ల ఇంట్లో ఇన్నేళ్లు తిని ఇంతేనా నేర్చుకునేదని విసుక్కున్నారు. బంతి తన్నడం వస్తే చాలదని, దేశం మారాలనుకునేవాడికి ఆ దేశపు మాట కూడా రావాలని అన్నారు.

లుంగీ కట్టుకున్నతను కత్తి కింద పెట్టాడు.

"జర ఆగుండ్రి సార్. గీయన మాటలు చూసి కాగితం ఆపకుండ్రి. గా కాగితం మీదనే ఉన్నది అంత."

"అంత నొప్పిగా ఉంటే నువ్వు చెప్పు, మగ్గం సంగతి."

"పడుగు నిలువు, పేక అడ్డం సార్. నూలు కండె ఉన్న నాడె అటు ఇటు ఉరుకుతాంటె పేక పడ్తది. పోగు తెగితె మగ్గం ఆపి ముడెయ్యాలె. గా ముడి బట్టల కనిపిస్తె ఏసినోనికి చాతగానట్టే. ఆర్నెల్లు మస్తు తిట్లు తిన్నంక వచ్చింది నాకు."

బ్రహ్మచారి తండ్రి కోరుట్లలో మగ్గం నేసిన మనిషి. సూరత్ వచ్చాక పడుగు పేకలకు అందరి నోటా తానా బానాలే. తన దగ్గర చదివిన పిల్లలు కూడా అవే అంటారు. పేక అనే మాట ఆయన ఆఖరుసారి విన్నది తల్లి నోట.

"మాట అంటే ఇదీ" అన్నారు. "ఆ తల్లి కడుపున పుట్టినందుకు ఆమె మాట నిలబెట్టావు. ఈ కాగితమే నీదైతే కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాణ్ణి."

లుంగీ కట్టుకున్నతను ఆయన జేబులోని పెన్ను వైపు చూశాడు.

"అయితె పెట్టుండ్రి సార్, నువన్ అంటె నేనే."