కదలొద్దన్నారు

అందరిళ్ళలోలాగే హైమ ఇంట్లోనూ గోడమీది ఫొటోలు మాట్లాడతాయి. పోయిన అత్తగారు పొద్దస్తమానం ఫ్రేములోంచి సాధిస్తూనే ఉంటుంది. ఆపేద్దామంటే, "మా అమ్మ గొంతు నొక్కేస్తావా?" అంటాడు మొగుడు.

మాట్లాడనిది ఒక్కటే. ఫ్రేము బాగుందని పాత సామాన్ల కొట్లో కొన్న ఫొటో. అందులో ఎవరో ఆవిడ, కుర్చీ పట్టుకుని బిగుసుకుని నిలబడి ఉంటుంది.

ఇవాళ హైమ దుమ్ము తుడుస్తుంటే ఆవిడ పెదవులు కదిలాయి.

"ఫొటో తీయడం అయిందా, అమ్మా? కదలొద్దన్నారు. మెడ పట్టేసింది."

హైమ తుడవడం ఆపింది. "ఎప్పుడో అయిపోయిందమ్మా. కూర్చో."

"కూర్చోవడమేమిటి? ఎక్కడివాళ్ళక్కడే నిలబడండి!" అత్తగారి గొంతు ఖంగుమంది.

ఆవిడ గబుక్కున కుర్చీ పట్టుకుని బిగుసుకుపోయింది.

చేతిలో గుడ్డతో హైమ కూడా.