బురద కింద బొమ్మ

తమ్ముడి క్రికెట్ కార్డు మీది బురద మరకలు తుడవాలా వద్దా అన్నది మధుబాబు, అతని అక్క ప్రసన్నకుమారి పొద్దుట్నించీ తేల్చుకోలేకపోతున్నారు.

తొంభై ఆరు తుపానులో కొట్టుకుపోయిన తమ్ముడి శవం కొన్నాళ్ళకి దొరికింది. ముఖం గుర్తుపట్టేలా లేదు. జేబులో బురద పట్టిన, బబుల్‌గమ్‌తో వచ్చే ఈ క్రికెట్ కార్డు చూసి, ఊళ్ళో అలాంటిది ఉన్నది వాడికొక్కడికేనని నాన్న ‘మావాడే’ అన్నారు. అప్పట్నించీ ఆ కార్డు అమ్మ బైబిల్లోనే ఉంది.

“జ్ఞాపకార్థ కూడికకి ఫ్రేము కట్టించమంది కదక్కా అమ్మ. బొమ్మ కనబడకపోతే ఎలాగ?”

“వద్దురా. ఆ బురద తుడిస్తే వాణ్ణి తుడిచేసినట్టుంటాది నాకు.”

అయినా అమ్మ మాట కాదనలేక ప్రసన్నకుమారే దూది తడిపి ఇచ్చింది. మధుబాబు మెల్లగా అద్దాడు. మట్టి వదిలి ముందు బ్యాటు, తర్వాత హెల్మెట్టు బయటపడ్డాయి.

అతని చెయ్యి ఆగిపోయింది.

“తమ్ముడిది బౌలర్ బొమ్మ కదక్కా.”

“ఎవరితోనైనా మార్చుకున్నాడేమోరా.”

“నన్ను ముట్టుకోనిచ్చేవాడా దాన్ని? నిద్దట్లో కూడా గుప్పిట్లోనే ఉండేది. మరి మనం పూడ్చింది ఎవర్నక్కా?”

లోపల్నించి అమ్మ గొంతు వినబడింది.

“బొమ్మ బాగా వచ్చిందేంట్రా?”

“మరక వదలట్లేదమ్మా,” అంది ప్రసన్నకుమారి. మధుబాబు చేతిలోంచి కార్డు తీసుకుని, దూదికి అంటిన మట్టిని వేలితో మళ్ళీ బొమ్మ మీద రాసింది.