ఆషాఢం పరుగు

"ఎనభై నాలుగు," అంది దీక్షిత, మనోజ్ఞ వేలికి తగిలించిన మిషన్ చూసి. "అక్కా, ఇగ నువ్వు ఉరుకొద్దు."

మనోజ్ఞ ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి ఊపిరి కోసం గింజుకుంటోంది. లోపల ఎక్కడో సన్నగా ఈల వేస్తున్నట్టు చప్పుడు. దగ్గినప్పుడల్లా భుజాలు ఎగిరిపడుతున్నాయి. వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డ తండ్రి మాణిక్యం ఆ అంకె వినగానే ముందుకొచ్చాడు. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే ఆ చిన్న మిషన్ అతనికి కరోనా అప్పటినుంచీ తెలుసు. తొంభైకి దిగితే దవాఖానకు ఉరికిన రోజులవి.

గండిపేట నుంచి చేవెళ్లకు పోయి రావాలి. అలా రెండుసార్లు. వంద కిలోమీటర్ల పందెం. ఆఖరిసారి తిరిగొస్తున్నవాళ్లను మొయినాబాద్ దగ్గర ఈ టెంటులో ఆపి, వేలికి మిషన్ పెట్టి చూస్తామని పందేనికి ముందే అందరికీ చెప్పారు. ఇది దాటితే గండిపేట దాకా చూసే దిక్కు లేదు.

"చాలు బిడ్డా. స్కూటరెక్కు, ఇంటికి పోదాం."

"ఏం గాలే... బాపూ. ముసురుకు... సలి పట్టింది."

"సలికి గిట్లయితదా? నీ పెదవులు చూస్కున్నవా, ఎట్ల నల్లగైనయో?"

"తొంభైకి తక్కువుంటే పంపొద్దని మా డాక్టర్ మేడం చెప్పింది అంకుల్," అంది దీక్షిత. నర్సింగ్ చదువుతున్న పిల్ల. "ఇందాకనే ఒకాయనను అంబులెన్స్‌ల తీస్కపోయింది. గింత దూరం ఉరికితే కొందరికి ఊపిరితిత్తులల్ల నీరు చేరుతదట."

మాణిక్యం కూతురి భుజం గట్టిగా పట్టుకున్నాడు. మనోజ్ఞ ఆ చెయ్యి విడిపించుకుని, రెండు చేతులూ దీక్షిత ముఖం ముందు చాచింది.

"జర... గివి చూడు. గోరింటాకు. మిషన్... తప్పు చూపిస్తది."

పది వేళ్లూ గోళ్లతో సహా ఎర్రగా ఉన్నాయి. దీక్షిత వేలు మార్చి చూసింది. ఎనభై ఆరు. మళ్లీ మార్చింది. ఎనభై మూడు.

"అవునక్కా. నెయిల్ పాలిష్, గోరింటాకు ఉంటే రీడింగ్ నమ్మొద్దని మా క్లాసుల గూడ చెప్పిన్రు. కాలివేలికి పెడ్దామా?"

"వాటికి గూడ... పెట్టిండు మా బాపు."

మాణిక్యానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. నిజమే కదా! ఎన్నడూ అడగని పిల్ల మొన్న "ఆషాఢం గద బాపూ, గోరింటాకు పెట్టవా" అని అడిగితే, ఎంకపల్లిలో చెల్లెలి పెరటికి పోయి ఆకు కోసుకొచ్చి, తనే నూరి, తనే ఒక్కో వేలికీ టోపీలా పెట్టాడు.

"నేనే పెట్టిన తల్లీ!" అన్నాడు దీక్షితతో, దాదాపు నవ్వుతూ. "మిషన్‌దే తప్పు."

"మరి గా ఈల సప్పుడు? మేడం ఫోన్ ఎత్తుతలేదు. నాకైతే భయమైతుంది అంకుల్. మీరే చెప్పుండ్రి, పంపాల్నా, ఆపాల్నా?"

మనోజ్ఞ తండ్రి వైపు చూసింది. ఈ ఒక్క రోజు కోసం ఏడాదిగా కోడి కూయకముందే లేచి పరుగెత్తిన పిల్ల. మాణిక్యం ఆమె ఛాతీ ఎగసిపడటం చూడలేక, ఆ ఎర్రటి వేళ్లనే చూశాడు.

"పంపు," అన్నాడు.

మనోజ్ఞ లేచి తండ్రి చెయ్యి ఒకసారి నొక్కి, ముసురులోకి నడిచింది, తర్వాత పరుగందుకుంది. మలుపులో ఆమె వీపు కనుమరుగయ్యేదాకా చూసి, మాణిక్యం అదే కుర్చీలో కూలబడ్డాడు. గోరింటాకు ఉండబట్టి సరిపోయింది, లేకుంటే ఎంత హడలిపోయేవాడు!

అప్పుడే ఇంకొకడు తూలుకుంటూ టెంటులోకి వచ్చాడు. సాయి కిరణ్. రోజూ మనోజ్ఞతో కలిసి పరుగెత్తే కుర్రాడు. ఆరడుగుల మనిషి, గుబురు గడ్డం. వాడి ఛాతీలోనూ అదే ఈల.

"వేలు చూపియ్యన్నా," అంది దీక్షిత.

సాయి కిరణ్ దగ్గుతూనే రెండు చేతులూ చాచాడు. పది వేళ్లకూ, గోళ్లతో సహా, గోరింటాకు.