ఎదురింటి బకెట్టు

ఈ కథంతా నేను కళ్ళారా చూసింది. ఇందులో ఒక్క ముక్క కూడా ఒకరు చెప్పగా విన్నది కాదు.

పుంగనూరు బజారు వీధిలో అలావుద్దీన్ పళ్ళు పీకేవాడు. వాళ్ళ నాయనా అదే పని చేసేవాడు. ఆయన ఎంత నేర్పరి అంటే, పన్ను చేతికి వచ్చేసినాక గానీ మనిషి నోరు తెరిచేవాడు కాదట.

1981లో సరిగ్గా ఎదురింట్లోకి లక్ష్మీపతి అనే పళ్ళ డాక్టరు దిగాడు. బెంగళూరులో చదివినవాడు. చదువు పటం గోడకు తగిలించాడు. పటం పన్ను పీకుతుందా అని అలావుద్దీన్ నవ్వేశాడు.

ఆయన కడుపు మండించింది పటం కాదు, బకెట్టు.

మా వైపు పీకిన పంటిని వీధిలో పారేస్తే ఊరుకోరు. కుక్క నోట పడితే మనిషికి కుక్కపళ్ళు మొలుస్తాయంటారు. అందుకని పళ్ళు, నెత్తుటి దూది, వంకరపోయిన సూదులు, పళ్ళసెట్టు అచ్చుల ముక్కలు, అన్నీ సున్నం చల్లి ఊరి బయట గుంటలో పూడ్చాల్సిందే. ఆ పని చౌడమ్మది. రోజూ సాయంత్రం ఆమె లక్ష్మీపతి వాకిట్లో నుంచి బకెట్టుతో దిగేది. పైన తడి గోనె. బరువుకు మనిషి ఒక పక్కకు ఒరిగిపోయేది.

అలావుద్దీన్ ఇంట్లో చెత్త సంగతి వెనక తలుపు కాడ భార్య గుల్జార్ బీ చూసుకునేది. ఆయన ఎన్నడూ అడిగినవాడు కాదు. ఆయన చూపంతా ఎదురింటి మీదే.

లోపలికి పోయేది నలుగురు. బయటికొచ్చేది నిండు బకెట్టు. అంటే వెనక సందులో నుంచి ఇంకెంతమంది దూరుతున్నారో! సంగటి ముద్ద గొంతు దిగలేదు. గుల్జార్ బీ అజీర్తి అనుకుని వాము నీళ్ళిచ్చింది. ఆ మంట వాముకు ఆరేదా?

పోటీకి దిగాడు. మదనపల్లె పోయి, కాలితో తొక్కితే పైకి లేచే కుర్చీ తెచ్చాడు. రామసముద్రంలో దండోరా వేయించాడు. ఒక పన్ను పీకించుకుంటే పక్కది ఉచితం అని బోర్డు పెట్టాడు. జనం విరగబడ్డారు. ఆ వారం నాయన కాలంలో కూడా పీకనన్ని పళ్ళు పీకాడు. మణికట్టు వాచింది.

సాయంత్రం మీసం దువ్వుకుంటూ ఎదురుగా చూశాడు. చౌడమ్మ బకెట్టును రెండు చేతులా మోసుకుంటూ దిగింది. వీధి దాటేలోపు రెండుసార్లు కింద పెట్టింది.

అంతే, అలావుద్దీన్ నడుం విరిగింది. ఊరు విడిచి కుప్పం పోతానన్నాడు. అక్కడ పళ్ళ డాక్టరు లేడట, పన్ను నొప్పెడితే జనం బెంగళూరు రైలెక్కుతారట. నాయన సమాధి ఈ ఊళ్ళో ఉందని గుల్జార్ బీ ఏడ్చింది. ఆయన వినలేదు.

అన్నట్టు, కళ్ళారా చూశానన్నాను గదా. నేనప్పుడు మదనపల్లెలో ఉండేవాణ్ణి. చూసింది ఆ కుర్చీని ఒక్కదాన్నే, బస్సు మీదికి ఎక్కిస్తుంటే. మిగతాదంతా చౌడమ్మ చెప్పింది. ఆమె కళ్ళు నా కళ్ళకంటే మంచివి లెండి.

లారీ వచ్చింది. కుర్చీ ఎక్కించారు. నాయన పెట్టిన పాత బోర్డు కూడా ఎక్కించారు. అంతలో చౌడమ్మ అటుగా వచ్చింది. అలావుద్దీన్ సిగ్గు విడిచి అడిగాడు.

"చౌడమ్మా, పోయే ముందన్నా నిజం చెప్పు. ఆ డాక్టరు దినానికి ఎన్ని పీకుతాండాడు?"

"ఆయప్ప యాడ పీకుతాడప్పా. పుచ్చిన పంటికి సిమెంటు పెట్టి పంపిస్తాండాడు. నెలకు రెండు పీకితే గొప్ప."

"మరి ఆ బకెట్టు?"

చౌడమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నిదానంగా చెప్పింది. అలావుద్దీన్ లారీ మెట్టు మీద అట్లే కూలబడ్డాడు.

లారీ నేను అల్లింది, వచ్చింది ఒంటెద్దు బండి. కానీ రోజూ చౌడమ్మ మొదట గుల్జార్ బీ ఇంటి వెనక తలుపు కాడ నింపుకుని, వెనక సందులో నుంచి ఎదురింట్లోకి పోయి పైన ఇంత సున్నం చల్లించుకుని దిగే ఆ బకెట్టులోవి మాత్రం అన్నీ అలావుద్దీన్ పీకిన పళ్ళే.