వాలు మీద మసక చుక్క

అడవిలో తప్పిపోయిన చిట్టి దొరికిందని అందరూ కొండ దిగిపోయారు. వేడిని పసిగట్టే కెమెరా నడిపే అతనొక్కడే చీకట్లో మిగిలాడు. సామాను సర్దుకుంటుంటే తెర మీద మసక చుక్క ఒకటి కదిలింది. కుందేలేమో అనుకున్నాడు. కానీ కంప్యూటర్ దాని చుట్టూ గడి గీసి 'మనిషి' అని చూపించింది. చుక్క కొంచెం నడిచి కూలబడుతోంది, మళ్ళీ లేస్తోంది.

పాపను తీసుకెళ్తున్న జీపు డ్రైవర్‌ని రేడియోలో పిలిచాడు. "అన్నా, లోయలో ఎవరో ఉన్నారు. చిన్నపిల్లలా ఉంది."

"నిద్ర చాలక అలా కనిపిస్తోందిలే తమ్ముడూ. పాప వాళ్ళమ్మ ఒళ్ళోనే ఉంది."

రేడియోలోనే డ్రైవర్ వెనక నుంచి తల్లి గొంతు వినిపించింది. "అన్నా, ఇంకో దుప్పటి ఉందా? దీని ఒళ్ళు ఎంతకీ వేడెక్కట్లేదు."

అతను కెమెరాను మలుపులో ఆగివున్న టాపులేని జీపు వైపు తిప్పాడు. డ్రైవరూ, తల్లీ ఒంటి వేడికి తెర మీద తెల్లగా వెలుగుతున్నారు. తల్లి వంగి పాపను ముద్దు పెట్టుకుంటోంది. పాప ముఖం ఉండాల్సిన చోట నలుపు తప్ప ఏమీ లేదు.

మళ్ళీ లోయ వైపు తిప్పితే చుక్క ఇంకా మసకబారింది. అతను టార్చి అందుకుని వాలులోకి పరుగెత్తాడు.

"చిట్టీ! ఎక్కడున్నావమ్మా?"

లోయ పలకలేదు. నడుముకున్న రేడియోలోంచి ఒక చిన్న గొంతు "ఇక్కడే" అంది.